లిఫ్టు ఉంది సరే, అక్కడిదాకా దారో?

అందరికీ అనువైన భూగర్భ రైలుస్టేషన్ల మీద ముఖచిత్ర కథనం రాయమని, శుక్రవారానికల్లా అందాలని ఎడిటరు గారి హుకుం. మన గూడూరులో మెట్రో లేదు. హైదరాబాద్‌ మెట్రో స్తంభాల మీద నడుస్తుంది. మనవాళ్లు నేల కింద రైలెక్కాలంటే దాదాపు 140 కిలోమీటర్ల దూరంలోని మద్రాసు సెంట్రల్‌కే పోవాలి.

ఆస్పత్రి పని మీద అలా పోయేవాళ్లకు కొదవలేదు. సెంట్రల్‌లో భూగర్భ మెట్రో ఎక్కితే పక్క స్టేషనే ఎగ్మోర్‌. 1819లో మొదలైన సర్కారు కంటాస్పత్రి అక్కడుంది. కంటికి కట్టు కట్టించుకున్న పెద్దాయన, మోకాళ్ల నొప్పులతో ఆయన వెంట నడిచే ఇల్లాలు ఈ దారి ప్రయాణికులు. మెట్రోలో పెట్టె, ప్లాట్‌ఫారం ఒకే మట్టం. మన రైలు దిగాలంటే మెట్లు. పైగా గూడూరు దాటితే దక్షిణ రైల్వే, సెంట్రల్‌లో కిందికి దిగితే మెట్రో సంస్థ, పైకొస్తే కార్పొరేషన్‌ ఫుట్‌పాత్‌. ఎవరి హద్దు వాళ్లది. అందుకే ప్రారంభోత్సవాల్లో లిఫ్టు ముందు దిగే ఫొటోల మీద నాకు పెద్ద గురి లేదు.

నన్ను కట్టిపడేసింది 2024 నవంబరు 8 నాటి సుప్రీంకోర్టు తీర్పు. చూపు లేని రాజీవ్‌ రతూరి 2005లో వేసిన కేసు అది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చూడటానికి గట్టిదే. ప్రమాణాలు పాటించని కట్టడానికి 44వ సెక్షన్‌ ప్రకారం అనుమతి ఇవ్వకూడదు. చట్టాన్ని మళ్లీ మళ్లీ ఉల్లంఘిస్తే 89వ సెక్షన్‌ కింద 5 లక్షల దాకా జరిమానా. అయితే 2017 నియమావళిలోని 15వ నియమం ప్రమాణాలు పెట్టాల్సిన చోట రకరకాల శాఖల మార్గదర్శకాలు తెచ్చి పేర్చింది. వాటిలో చాలావరకు సలహాలే. సలహా పాటించలేదని జరిమానా ఎలా వేస్తారు? కోర్టు ఆ నియమం చెల్లదంది. తప్పనిసరిగా చేయాల్సినవి విడదీసి మూడు నెలల్లో రాయమని కేంద్రాన్ని ఆదేశించింది.

ఈ తీర్పుకు ఊతమిచ్చిన నివేదిక తయారైంది హైదరాబాద్‌లోనే. కోర్టు 2023లో ఆ పని అప్పగిస్తే నల్సార్‌ న్యాయ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రం రాసింది. తీర్పులో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. అనువైన దారి, ఎవరూ అడగకముందే ఉండాలి. ఒక్కొక్కరి అవసరాన్ని బట్టి చేసే సర్దుబాటు దానికి అదనం. మనదగ్గర ‘అడిగితే వీల్‌చైర్‌ తెచ్చిస్తాం కదండీ’ అనడంతోనే మొదటిది కూడా తీరిపోయిందనుకుంటారు.

చరిత్ర కూడా ఉండాలన్నారు కాబట్టి: లండన్‌లో భూగర్భ రైలు 1863లో, కోల్‌కతాలో 1984లో. వీల్‌చైర్‌ వాడే హెరాల్డ్‌ విల్సన్‌ పట్టుబట్టడంతో 1972లో మొదలైన శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతపు బార్ట్‌ రైలు స్టేషన్లలో లిఫ్టులు పెట్టారు. మనకు అలా లిఫ్టులున్న ఢిల్లీ మెట్రో 2002లో.

బాక్సు: పసుపు పలకల భాష

ప్లాట్‌ఫారం మీది పసుపు పలకలు అలంకారం కాదు. పొడవాటి గీతలుంటే ముందుకు నడవొచ్చు. చుక్కలుంటే ఆగాలి: ముందు మెట్లో, అంచో, మలుపో ఉంది. వీటిని జపాన్‌కు చెందిన సెయిచీ మియాకే 1965లో రూపొందించాడు. ఒకాయామాలో 1967లో మొదటిసారి పరిచారు. మనం సూట్‌కేసులు నిలబెట్టేది సరిగ్గా వాటి మీదే.