ట్యూబ్ యాంప్ కొనాలా? ముందు రికార్డింగ్ సంగతి చూడండి

ఈరోజు టాపిక్ ట్యూబ్ యాంప్లిఫయర్. రీల్స్‌లో మీరు చూసే ఉంటారు. చీకటి గది, చెక్క పెట్టె, దాని మీద నారింజ రంగులో వెలిగే గాజు బుడ్లు, వెనకాల ఘంటసాల పాట. కింద "ట్యూబ్ సౌండే వేరు" అని ఒక లైను. అది చూసి మన రాజంపేట కుర్రాళ్లు కూడా "అన్నా, పదిహేను వేలు దాచిపెట్టినా, ట్యూబ్ యాంప్ కొనమంటావా?" అని అడుగుతున్నారు. నా జవాబు ముందే చెప్పేస్తా. ఆ డబ్బుతో మొట్టమొదట కొనాల్సింది అది కాదు. ట్యూబ్ మంచి వస్తువే. కానీ రికార్డింగ్‌లో లేనిదాన్ని ఏ యాంపూ తెచ్చిపెట్టలేదు. ఎందుకో చూద్దాం.

ముందు ఆ గాజు బుడ్డి ఏం చేస్తుంది? మన పెద్దవాళ్లు దాన్ని వాల్వు అనేవాళ్లు. వాల్వు రేడియో అంటే ఇదే. లోపల గాలి ఉండదు. మధ్యలో ఒక రేకు వేడెక్కి ఎలక్ట్రాన్లు వదుల్తుంది. దూరంగా ఇంకో రేకు, దానికి రెండు మూడు వందల వోల్టుల పాజిటివ్ కరెంటు. ఎలక్ట్రాన్లు అటు పరిగెడతాయి. రెంటికీ మధ్య సన్నటి తీగల జల్లెడ ఒకటి ఉంటుంది, దాన్నే గ్రిడ్ అంటారు. చెరువు తూము గుర్తు తెచ్చుకోండి. తూము తలుపు ఎత్తడానికి ఒక్క మనిషి చెయ్యి చాలు, కానీ దాంతో కదిలే నీళ్లు వంద ఎకరాలు తడుపుతాయి. అట్లాగే గ్రిడ్ మీదికొచ్చే చిన్న పాట సిగ్నల్, అంత పెద్ద కరెంటును ఆడిస్తుంది. యాంప్లిఫయర్ అంటే అంతే. ఈ మూడు భాగాల ట్యూబును 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ చేశాడు. మన దేశంలో బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1960ల్లో రేడియో వాల్వులు తయారు చేసింది.

మరి ట్యూబ్ సౌండ్ వేరుగా ఎందుకుంటుంది? ఇక్కడ మాయ ఏమీ లేదు, లెక్క ఉంది. ఏ యాంపైనా ఇచ్చిన సిగ్నల్‌కి తనదంటూ కొంత కలుపుతుంది. దాన్నే డిస్టార్షన్ అంటారు. మీరు షడ్జమం 150 హెర్ట్జ్‌లో పాడారనుకోండి. ఒకే ట్యూబుతో నడిచే చిన్న యాంపు ఎక్కువగా కలిపేది దానికి రెట్టింపు, అంటే 300 హెర్ట్జ్. అది తారస్థాయి షడ్జమం. అదే స్వరం, పై స్థాయిలో. మూడు రెట్లు, అంటే 450 హెర్ట్జ్, పై పంచమం అవుతుంది. అంటే అది కలిపే తప్పు కూడా శ్రుతిలోనే పడుతుంది. అందుకే చెవికి నిండుగా, మెత్తగా ఉంటుంది. మనం "వార్మ్" అనేది దీన్నే. అదే ఏడో రెట్టు, 1050 హెర్ట్జ్, మన స్వరాల్లో దేనిమీదా సరిగ్గా కూర్చోదు. ట్రాన్సిస్టర్ యాంపుని దాని శక్తికి మించి వాయిస్తే తరంగం తల తెగినట్టు కోసేస్తుంది, ఇట్లాంటి గరుకు స్వరాలు గుంపుగా పుడతాయి. ట్యూబ్ అయితే మెల్లగా వంగుతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. మంచి ట్రాన్సిస్టర్ యాంపుని దాని హద్దులో వాడితే, అది కలిపేది మన చెవికి అందనంత తక్కువ. చిన్న ట్యూబ్ యాంపు ఒక శాతం, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ కలుపుతుంది. కాబట్టి "ట్యూబే అసలు సౌండ్" అనడం కరెక్ట్ కాదు. "ట్యూబ్ రుచి నాకు ఇష్టం" అంటే కరెక్ట్. పచ్చడిలో నూనె కలుపుకున్నట్టు. రుచే, కానీ మామిడికాయ నాణ్యత నూనెతో మారదు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. 1951లో "మల్లీశ్వరి" వచ్చింది. తీసిన బి.ఎన్.రెడ్డి మన కడప జిల్లా మనిషే. సంగీతం ఎస్.రాజేశ్వరరావు, పాడింది భానుమతి, ఘంటసాల. ట్రాన్సిస్టర్‌ని కనిపెట్టింది 1947 చివర్లో. 1951 నాటికి అది ఇంకా స్టూడియోల్లోకి రాలేదు. అంటే మైకు నుంచి వచ్చిన సిగ్నల్‌ని పెంచింది వాల్వే, ఫిల్ముకెక్కించింది వాల్వే, థియేటర్లో వినిపించింది కూడా వాల్వే. కాబట్టి మీరు ఆ పాటని ఫోన్‌లో వింటున్నప్పుడు కూడా ట్యూబ్ రుచి అందులో అప్పటికే ఉంది. మీరు ఇంకో ట్యూబ్ యాంప్ కొంటే, వండిన కూరకి మళ్లీ తాలింపు వేసినట్టే. నచ్చొచ్చు, తప్పేం లేదు. కానీ ఆ పాటలోని మెత్తదనం మీ యాంపు నుంచి వచ్చిందనుకోకండి.

అలాగే ఆ రోజుల సినిమా ఫిల్ము మీద దాదాపు 8 కిలోహెర్ట్జ్ పైన ఉండే సన్నటి శబ్దాలు చాలావరకు పడలేదు. పడనివి పోయినట్టే. ఏ గాజు బుడ్డీ వాటిని మళ్లీ పుట్టించలేదు.

మన వైపు నుంచి జరిగే నష్టం ఇంకోటి. సీడీలో సెకనుకి 1,411 కిలోబిట్లు ఉంటాయి. మనం డౌన్‌లోడ్ చేసే 128 ఎంపీ3లో దాదాపు పదకొండో వంతు. దాన్ని వీడియోలో పెట్టి, మళ్లీ డౌన్‌లోడ్ చేసి, మళ్లీ ఫార్వర్డ్ చేస్తే, మధ్యలో మళ్లీ కంప్రెస్ అయిన ప్రతిసారీ కొంచెం అరుగుతుంది. ఆ ఫైలుని ఖరీదైన ట్యూబ్ యాంపులో వింటే ఆ అరుగుదల ఇంకా బాగా వినిపిస్తుంది.

ఒక టెస్ట్ చెప్తా, ఖర్చు లేదు. ఒకే పాట రెండు చోట్ల నుంచి తీసుకోండి. ఒకటి ఫార్వర్డ్ అయి వచ్చిన ఫైలు, ఇంకోటి హై క్వాలిటీ పెట్టిన స్ట్రీమింగ్. మామూలు వైరు ఇయర్‌ఫోన్స్ చాలు. రెండిటి సౌండ్ సమానంగా పెట్టండి, ఇది ముఖ్యం, ఎందుకంటే కొంచెం గట్టిగా ఉన్నది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది. మీరు కళ్లు మూసుకోండి, ఫ్రెండ్ మార్చి మార్చి వాయించాలి. పదిసార్లలో ఎన్నిసార్లు సరిగ్గా చెప్పారో రాసుకోండి. యాంపు కొనేముందు షాపులో కూడా ఇదే పద్ధతి.

ఇంకా కొనాలనే ఉంటే మూడు జాగ్రత్తలు. ఒకటి, చౌకగా దొరికే చాలా "ట్యూబ్" యాంపుల్లో ట్యూబ్ ముందు భాగంలో మాత్రమే ఉంటుంది. స్పీకర్‌ని నడిపేది లోపలున్న చిప్పే. కొన్నిటిలో ఆ నారింజ వెలుగు కూడా ట్యూబ్ కింద పెట్టిన ఎల్‌ఈడీదే. రెండు, అసలు ట్యూబ్ యాంపులో మూడు నాలుగు వందల వోల్టులుంటాయి. ప్లగ్ తీసినా కెపాసిటర్లలో కరెంటు నిలవుంటుంది, ప్రాణం తీస్తుంది. యూట్యూబ్ చూసి మూత విప్పొద్దు. మూడు, వేడి. మన ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది, అది చాలదన్నట్టు గదిలో ఇంకో పొయ్యి పెట్టుకున్నట్టే.

ఇక ఇదంతా రాజంపేటలో కూర్చొని ఎందుకు చెప్తున్నానంటే, మన పక్కనే తాళ్లపాక ఉంది. 108 అడుగుల అన్నమయ్య విగ్రహం ముందు సెల్ఫీ మనందరి ఫోన్లలో ఉంటుంది. అన్నమయ్య కీర్తనల్ని రాగిరేకుల మీద చెక్కించి తిరుమలలో దాచారు. ఆ రోజుల్లో అంతకంటే గట్టి హార్డ్‌డిస్క్ లేదు. శతాబ్దాల తర్వాత తీస్తే, మిగిలిన రేకుల మీద సాహిత్యం దొరికింది, రాగం పేరు కూడా దొరికింది. కానీ ఆయన ఎలా పాడాడో, ఆ వరస మాత్రం దొరకలేదు. అది రేకుల మీదికి ఎక్కలేదు కదా. మనం ఈరోజు వింటున్నవి చాలావరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, బాలకృష్ణప్రసాద్ లాంటివాళ్లు కొత్తగా కట్టిన వరసలే. గొప్ప వరసలు, అందులో డౌట్ లేదు. కానీ అసలుది వినాలంటే ప్రపంచంలో ఏ యాంపూ పనికిరాదు.

ఇప్పుడు మన ఊళ్ల చెక్కభజన సంగతి ఆలోచించండి. పాట ఎత్తుకునే పెద్దాయన నోట్లో ఉన్న పాటలు ఎక్కడా రాసిలేవు. ఆయనకి డెబ్భై ఏళ్లు. మీ చేతిలో ఫోన్ ఉంది. అన్నమయ్య కాలంలో లేనిది అదే.

ఎలా రికార్డు చేయాలో చెప్తా. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. వేవ్ ఫార్మాట్, 48 కిలోహెర్ట్జ్ ఉన్న రికార్డర్ యాప్ వాడండి. మోనోలో గంటకి దాదాపు 350 ఎంబీ, అంతే. ఆటో గెయిన్ ఆప్షన్ ఉంటే ఆపేయండి, లేకపోతే చెక్కలు మోగినప్పుడల్లా గొంతు లోపలికి పోతుంది. ఫోన్ పాడే మనిషికి రెండడుగుల్లో, చెక్కలకి దూరంగా ఉండాలి. దూరం రెట్టింపైతే నేరుగా వచ్చే గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, గది మోత మాత్రం అట్లే ఉంటుంది. లెవెల్ మీటర్ మైనస్ 12 దగ్గర ఆడాలి, ఎర్రగీత తాకకూడదు. తాకితే తెగిపోయిన శబ్దం మళ్లీ రాదు. పంపేటప్పుడు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి, ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. ఆ మనిషి పేరు, ఊరు, తారీఖు ఫైలు పేరులోనే రాయండి. ముందుగా ఆయన్ని అడిగి, ఒప్పుకున్నాకే రికార్డు చేయండి.

ట్యూబ్ యాంపు వచ్చే ఏడాది కూడా దొరుకుతుంది. రష్యా, చైనా, స్లొవాకియాలో ట్యూబులు ఇంకా తయారవుతూనే ఉన్నాయి. ఆ పెద్దాయన పాట మాత్రం అలా దొరకదు. ఈ ఆదివారం వెళ్లి ఒక్క పాట రికార్డు చేయండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆ ఫైలుని శుభ్రం చేయడం ఎలాగో, అసలు ఎంతవరకు చేయాలో మాట్లాడుకుందాం. ఉంటా మరి.