ఆపరేషనల్ యాంప్లిఫైయర్ల మార్పిడి: ఆఫ్‌సెట్ పిన్నుల పాత్ర

పార్వతీపురం మన్యం జిల్లాలోని కురుపాం వంటి ఏజెన్సీ ప్రాంతంలో ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాల నిర్వహించే అధ్యాపకుడు, 741 చిప్ చెడిపోయినప్పుడు విశాఖపట్నం నుంచి మరొకటి తెప్పించేదాకా ఆగకుండా, చేతికందిన మరో ఎనిమిది పిన్నుల చిప్‌ను అదే సాకెట్‌లో అమర్చడం సహజం. 2, 3, 4, 6, 7 పిన్నులు సరిపోతే మార్పిడి సరిపోయినట్లేనని భావిస్తారు. 1, 5, 8 పిన్నుల దగ్గర ఈ భావన నిలవదు.

రెండు ఇన్‌పుట్‌లనూ భూమికి కలిపినప్పుడు అవుట్‌పుట్ సున్నా కావాలి. లోపలి ట్రాన్సిస్టర్ల జంట అచ్చంగా ఒకేలా ఉండదు కనుక అలా జరగదు. సాధారణ శ్రేణి 741లో ఈ ఆఫ్‌సెట్ విలక్షణంగా 2 మిల్లీవోల్టులు, గరిష్ఠంగా 6. ఇది స్వల్పమనిపించవచ్చు, కాని కె-రకం థర్మోకపుల్ ఒక డిగ్రీ సెల్సియస్‌కు ఇచ్చేది సుమారు 41 మైక్రోవోల్టులే. అంటే 2 మిల్లీవోల్టుల ఆఫ్‌సెట్ వల్ల ఉష్ణోగ్రత కొలతలో దాదాపు 49 డిగ్రీల దోషం వస్తుంది.

1968లో ఫెయిర్‌చైల్డ్ సంస్థ విడుదల చేసిన, డేవ్ ఫుల్లాగర్ రూపొందించిన 741లో, ఇన్‌పుట్ దశకు లోడ్‌గా ఉన్న రెండు ట్రాన్సిస్టర్ల ఎమిటర్ల నుంచి రుణ సరఫరాకు చెరొక 1 కిలోఓమ్ నిరోధకం ఉంటుంది. 1, 5 పిన్నులు ఆ ఎమిటర్లకే చేరతాయి. వాటి మధ్య 10 కిలోఓముల పొటెన్షియోమీటర్‌ను ఉంచి, మధ్య కొనను రుణ సరఫరాకు కలిపితే, అది ఆ నిరోధకాలకు సమాంతరంగా చేరి రెండు వైపుల తూకాన్ని మారుస్తుంది. పొటెన్షియోమీటర్ విలువ, దిశ రెండూ ఈ అంతర్నిర్మాణం నుంచే పుట్టాయి. అన్ని చిప్‌లకూ వర్తించే నియమం కాదు.

ఎల్‌ఎఫ్-351 ఇదే సవరణ వలయాన్ని స్వీకరిస్తుంది. ఎల్‌ఎఫ్-356లోనూ పిన్నులు 1, 5 కావడంతో పొరపాటు పైకి కనిపించదు. అయితే దానికి 25 కిలోఓములు కావాలి, మధ్య కొన ధన సరఫరాకు పోవాలి. ఓపీ-07లో సవరణ పిన్నులు 1, 8. పొటెన్షియోమీటర్ 20 కిలోఓములు, మధ్య కొన ధన సరఫరాకే. దాన్ని 741 వలయంలో యథాతథంగా పెడితే 1వ పిన్ను ఒక్కటే రుణ సరఫరా వైపు లాగబడి ఇన్‌పుట్ దశ సమతుల్యత చెడుతుంది. పాత పొటెన్షియోమీటర్‌ను తొలగిస్తే చాలు, ఓపీ-07 ఆ సాకెట్‌లో చక్కగా పనిచేస్తుంది. దాని ఆఫ్‌సెట్ మైక్రోవోల్టులలోనే ఉంటుంది కనుక చాలాచోట్ల సవరణ అవసరమే రాదు. రెండు యాంప్లిఫైయర్లున్న ఎల్‌ఎమ్-358ను మాత్రం ఈ సాకెట్‌లో పెట్టరాదు. దాని 7వ పిన్ను రెండో యాంప్లిఫైయర్ అవుట్‌పుట్. ధన సరఫరా నేరుగా దానికి తగులుతుంది.

సరైన పిన్నులు వాడినా ఒక పరిమితి ఉంది. బైపోలార్ ఇన్‌పుట్ గల చిప్‌లో, సెన్సర్ నుంచి వచ్చిన దోషాన్ని ఈ పిన్నులతో సరిదిద్దితే, ప్రతి మిల్లీవోల్టు సవరణకు డిగ్రీకి సుమారు 3.3 మైక్రోవోల్టుల చలనం కొత్తగా చేరుతుంది. శీతాకాలపు ఉదయానికీ మధ్యాహ్నానికీ 15 డిగ్రీల తేడా ఉందనుకుంటే, 2 మిల్లీవోల్టుల సవరణ 100 మైక్రోవోల్టులు కదులుతుంది. ఉదయం సున్నా చేసిన పరికరం మధ్యాహ్నానికి రెండు డిగ్రీలకు పైగా తప్పుతుంది.

చిప్‌లు తరచుగా మార్చవలసిన చోట ఆఫ్‌సెట్ పిన్నులను ఖాళీగా వదిలి, సవరణను బయట చేయడం మేలు. ఇన్‌వర్టింగ్ వలయంలో 3వ పిన్ను నుంచి భూమికి 100 ఓములు, అదే పిన్నుకు ధన, రుణ 15 వోల్టుల మధ్య ఉంచిన పొటెన్షియోమీటర్ మధ్య కొన నుంచి 100 కిలోఓములు కలిపితే, రెండు దిశలలోనూ సుమారు 15 మిల్లీవోల్టుల సవరణ లభిస్తుంది. నాన్-ఇన్‌వర్టింగ్ వలయంలో ఈ విభాజకాన్ని ఫీడ్‌బ్యాక్ జంటలో భూమి వైపున్న నిరోధకం కింద చేర్చాలి. అప్పుడు ఆ 100 ఓములు కూడా వర్ధన లెక్కలో కలుస్తాయి.