విడుదల వచ్చిన ఊరు, వెనక మిగిలిన ఊరు

ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాకు ఆగ్నేయంగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలో లోస్ బాన్యోస్ అనే ఊరుంది. ఒకపక్క లగూనా దే బాయ్ అనే పెద్ద సరస్సు, మరోపక్క మకీలింగ్ కొండ. ఆ కొండ చల్లారిన అగ్నిపర్వతం. అయినా లోపల వేడి ఇంకా మిగిలే ఉంది కాబట్టి ఊళ్లో ఎక్కడ చూసినా వేడినీటి బుగ్గలే. స్థానిక తగాలోగ్ భాషలో ఆ చోటును ‘మైనిట్’ అనేవారు, అంటే ‘వేడి’. స్పెయిన్ దేశస్థులు వచ్చాక ‘లోస్ బాన్యోస్’ అయింది, అంటే ‘స్నానఘట్టాలు’. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనం లక్షా 15 వేల పైచిలుకు. మన తెనాలి కన్నా చిన్న ఊరన్నమాట. మన క్రైస్తవ సంఘాల్లో ఈ ఊరి పేరు విన్నవారు బహు తక్కువ. కానీ మన కంచంలోని అన్నానికీ ఆ ఊరికీ ఒక బంధం ఉంది. ఆ మాట చివర్లో చెప్పుకుందాం.

ఊరి చరిత్ర ఒక సేవకుడితో మొదలవుతుంది. 1589లో పేద్రో బౌతిస్తా అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి ఈ బుగ్గల నీళ్లు జబ్బుపడినవారికి ఉపశమనం ఇస్తున్నాయని గమనించాడు. అక్కడ ఆయన వేసిన పునాది మీద ఫ్రాన్సిస్కన్లు రోగుల కోసం ఆస్పత్రి కట్టారు. ఆ బుగ్గల చుట్టూ ఇళ్లు లేచాయి, 1615లో అది ప్రత్యేక గ్రామమైంది. అప్పటికి పేద్రో బౌతిస్తా బతికిలేడు. 1593లో ఆయనను రాయబారిగా జపాన్ పంపారు. అక్కడి పాలకుడు హిదెయోషి ఆజ్ఞ మీద 1597 ఫిబ్రవరి 5న నాగసాకిలో 26 మంది క్రైస్తవులను సిలువలకు కట్టి ఈటెలతో పొడిచి చంపారు. ఆ 26 మందిలో ఆయన ఒకడు. జపాన్ నుంచి సైనికులు ఆయన స్థాపించిన ఊరికి వచ్చే రోజు ఒకటుందని అప్పుడు ఎవరనుకుంటారు?

స్పెయిన్ పాలన మూడు వందల ఏళ్లకు పైగా సాగింది. సువార్తతోపాటు సన్యాసి సంఘాల భూస్వామ్యం కూడా నడిచింది. పక్క ఊరు కలాంబాలో పొలాలన్నీ డొమినికన్ సన్యాసులవి. కౌలు వివాదం ముదిరి 1890 ప్రాంతంలో అక్కడి కౌలురైతులను ఇళ్లలోంచి వెళ్లగొట్టారు. అలా వీధిన పడినవారిలో హోసే రిసాల్ కుటుంబం కూడా ఉంది. ఫిలిప్పీన్స్ జాతి వీరుడిగా ఈనాటికీ కొలిచే ఆ రిసాల్‌ను 1896 డిసెంబరు 30న స్పెయిన్ ప్రభుత్వం కాల్చి చంపింది. దేవుని పేరు చెప్పి శిస్తు వసూలు చేస్తే జనం గుండెల్లో ఏం మిగులుతుందో తెలుసుకోవాలంటే కలాంబా చరిత్ర చదివితే చాలు.

1898లో స్పెయిన్ ఓడిపోయి ఆ దీవులను 2 కోట్ల డాలర్లకు అమెరికాకు అప్పగించింది. మరుసటి ఏడాదే ప్రెస్బిటేరియన్ మిషనరీ జేమ్స్ రాడ్జర్స్ మనీలా చేరాడు. 1901లో ప్రొటెస్టెంటు మిషన్లన్నీ కూర్చుని ప్రాంతాలు పంచుకున్నాయి. లోస్ బాన్యోస్ ఉన్న లగూనా ప్రాంతం ప్రెస్బిటేరియన్ల వంతుకు వచ్చింది. ఈ పంపకం మనకు కొత్తేమీ కాదు. ఒంగోలు బాప్టిస్టులది, గుంటూరు లూథరన్లది, మెదక్ వెస్లియన్లది, కడప లండన్ మిషన్‌ది అని మన తాతలు చెప్పుకున్నది కూడా ఇలాంటి ఒప్పందాల ఫలితమే. మన దగ్గర దక్షిణ ఇండియా సంఘం 1947లో ఏర్పడితే, అక్కడ ప్రెస్బిటేరియన్లు, మరికొన్ని సంఘాలు కలిసి 1948లో ఫిలిప్పీన్స్ ఐక్య క్రీస్తు సంఘం అయ్యాయి.

అమెరికన్లు ఈ ఊరికి తెచ్చిన మరో సంగతి బడి. 1909 జూన్‌లో మకీలింగ్ కొండ అడుగున వ్యవసాయ కళాశాల మొదలైంది. ఎడ్విన్ కోప్‌లాండ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు, మరికొందరు ఉపాధ్యాయులు, 12 మంది విద్యార్థులు. గదులు లేవు, గుడారాల్లోనే పాఠాలు. ముప్పై ఏళ్లలో అది ఆసియాలో పేరున్న వ్యవసాయ విద్యాలయంగా ఎదిగింది. దాని ఆవరణలోనే ఈ కథలో ముఖ్యమైన ఘట్టం జరిగింది.

1942 జనవరి 2న జపాన్ సైన్యం మనీలాలో ప్రవేశించింది. అమెరికా, బ్రిటన్, వాటి మిత్రదేశాల పౌరులందరినీ నిర్బంధించి మనీలాలోని సాంతో తొమాస్ విశ్వవిద్యాలయంలో పెట్టారు. అక్కడ చోటు చాలక 1943 మే నెలలో 800 మంది మగవాళ్లను లోస్ బాన్యోస్ కళాశాల ఆవరణకు తరలించారు. తర్వాత స్త్రీలు, పిల్లలు వచ్చారు. అంతవరకు కొంత స్వేచ్ఛగా తిరిగిన మిషనరీలను, ఫాదిరీలను, కన్యస్త్రీలను 1944 జూలైలో వందల సంఖ్యలో తీసుకొచ్చి అదే కంచె లోపల వేశారు. దైవసేవకులు ఉండే భాగానికి మిగతా ఖైదీలు ‘వాటికన్ సిటీ’ అని వేళాకోళంగా పేరు పెట్టారు. ఒకరి సిద్ధాంతాన్ని ఒకరు తప్పుపట్టుకునే కతోలికులు, ప్రొటెస్టెంటులు అక్కడ ఒకే వరసలో గిన్నె పట్టుకుని నిలబడ్డారు. ఆకలికి శాఖాభేదం లేదు మరి.

శిబిరంలో తిండి వ్యవహారం చూసే అధికారి పేరు సదాకి కొనిషి. 1944 చివరికి వచ్చేసరికి అతని చేతిలో రేషన్ రోజురోజుకీ తగ్గిపోయింది. ఆఖరి వారాల్లో బియ్యం ఆపేసి వడ్లు ఇచ్చాడు. పొట్టుతో ఉన్న వడ్లు! రోలు లేదు, రోకలి లేదు, చేట లేదు. వడ్లు దంచి, చెరిగి, నూకలు వేరుచేసి అన్నం వండటం ఎంత కష్టమో మన పెద్దతరం ఆడవాళ్లకు చెప్పనక్కర్లేదు. లేవడానికే ఓపిక లేనివాళ్ల చేతికి వడ్లు ఇవ్వడమంటే ఇచ్చినట్టే ఇచ్చి ఇవ్వకపోవడం. ఇదంతా ఎక్కడ? ధాన్యం పండించడం నేర్పే కళాశాల ఆవరణలో. కంచె బయట కొబ్బరిచెట్లు, అరటిచెట్లు కళ్లెదుటే ఉన్నాయి. తిండి కోసం కంచె దాటిన ఇద్దరిని 1945 జనవరిలో కాల్చి చంపారు.

ఫిబ్రవరిలో కొందరు ఖైదీలు తప్పించుకుని అమెరికన్ సైన్యాన్ని, ఫిలిప్పీనో గెరిల్లాలను కలిశారు. వారిలో పీటర్ మైల్స్ అనే ఇంజినీరు ఒక విలువైన కబురు చెప్పాడు. ఉదయం ఏడు గంటలకు ముందు కాపలా సైనికుల్లో చాలామంది తుపాకులు పక్కన పెట్టి వ్యాయామం చేస్తారని! ఆ సమయాన్నే ఎంచుకున్నారు. ఫిబ్రవరి 23 తెల్లవారాక, సరిగ్గా ఏడు గంటలకు, శిబిరం పక్కన ఆకాశంలో పారాచూట్లు విచ్చుకున్నాయి. అదే క్షణంలో, రాత్రంతా నడిచి వచ్చి పొదల్లో దాక్కున్న గెరిల్లాలు, అమెరికన్ స్కౌట్లు కాపలా స్థావరాల మీద పడ్డారు. నీటిలోనూ నేల మీదా నడిచే 54 వాహనాలు సరస్సు దాటి శిబిరంలోకి దూసుకొచ్చాయి. మూటలు సర్దుకుంటూ తాత్సారం చేస్తున్న ఖైదీలను కదిలించడానికి చివరికి తాటాకు కొట్టాల వంటి ఆ పాకలకు సైనికులే నిప్పంటించారు. మొత్తం 2,147 మంది. వారిలో పుట్టి మూడు రోజులైన పసిపాప కూడా ఉంది. ఖైదీల్లో ఒక్క ప్రాణం కూడా పోలేదు. సాయంత్రానికి అందరూ సరస్సు అవతలికి చేరారు, వారితోపాటు సైన్యమూ వెళ్లిపోయింది.

అదే రోజు ఇవో జిమా దీవి కొండ మీద అమెరికన్ సైనికులు జెండా ఎగరేశారు. పత్రికలన్నీ ఆ ఫొటో వెంట పడటంతో ఈ విడుదల వార్త అప్పట్లో కొంత మరుగున పడింది. తర్వాత మాత్రం దీని మీద పుస్తకాలు వచ్చాయి, సైనిక పాఠశాలల్లో పాఠమైంది. బతికి బయటపడిన మిషనరీలు తమ సంఘాల్లో దీనిని దేవుని అద్భుతంగా సాక్ష్యమిచ్చారు. ఇవ్వవలసిందే కదా!

అయితే కథ అక్కడ ఆగలేదు. ఆగినట్టు చెప్పడం నాకు న్యాయం అనిపించదు.

సరస్సు దాటి వెళ్లినవాళ్లు వెళ్లారు. ఊరు మాత్రం ఎక్కడికి వెళ్తుంది? యుద్ధరేఖ ఇంకా అక్కడికి రాలేదు. గెరిల్లాల హెచ్చరిక విని కొందరు కొండల్లోకి పారిపోయారు. ముసలివాళ్లు, పసిపిల్లల తల్లులు, ‘మనమేం చేశాం గనక?’ అనుకున్నవాళ్లు ఉండిపోయారు. రోజుల వ్యవధిలోనే జపాన్ దళాలు తిరిగొచ్చాయి. వారితో కొనిషి ఉన్నాడు. జపాన్ పక్షం చేరిన మకపిలి అనే ఫిలిప్పీనో దళం వాళ్లూ ఉన్నారు. ఇళ్లు తగలబెట్టారు. మనుషులను ఇంటి గుంజలకు కట్టి ఆ ఇంటికే నిప్పుపెట్టారు. ప్రార్థనాలయంలో తలదాచుకున్నవారిని ఆ ఆలయంతో సహా కాల్చేశారు. చనిపోయిన గ్రామస్థులు సుమారు 1,500 మంది అని అంచనా. 2,147 అనే అంకె ఖచ్చితంగా ఉంది, ఎందుకంటే ఖైదీల జాబితా ఉంది. గ్రామస్థులకు మాత్రం ఇప్పటికీ ‘సుమారు’ అనే అంటున్నాం.

ఇది చదివినప్పుడు మత్తయి సువార్త రెండో అధ్యాయం గుర్తురాకుండా ఉండదు. యోసేపుకు కలలో హెచ్చరిక వచ్చింది. రాత్రికి రాత్రే బిడ్డను, తల్లిని తీసుకుని ఐగుప్తుకు వెళ్లాడు. బేత్లెహేములోని మిగతా తండ్రులకు ఆ కల రాలేదు. మన సంఘాల్లో ప్రతి క్రిస్మస్‌కూ పిల్లలతో నాటిక వేయిస్తాం. గొల్లలు వస్తారు, జ్ఞానులు వస్తారు, కిరీటం పెట్టుకున్న హేరోదు కేకలు వేస్తే అందరం నవ్వుతాం. సాధారణంగా తెర అక్కడే పడిపోతుంది. కత్తులు పట్టుకున్న సైనికులు, రాహేలు ఏడుపు మన నాటికలో ఉండవు. కానీ సువార్తికుడు దాచలేదు. ప్రభువు తప్పించుకున్న సంగతీ, తప్పించుకోలేని పిల్లల సంగతీ ఒకదాని పక్కన ఒకటి రాశాడు. ఒకదానితో ఇంకొకదాన్ని కొట్టివేయలేదు, వివరణ కూడా ఇవ్వలేదు.

ఖైదీలను విడిపించడం తప్పని ఎవరూ అనలేరు. ఇంకొన్నాళ్లు ఆగితే ఆకలే వాళ్లను చంపేది. విడుదల కోసం ప్రాణాలకు తెగించిన గెరిల్లాల్లో చాలామంది ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. నా బాధల్లా సాక్ష్యం సగంలో ఆపేయడం గురించే. మనం తప్పించుకున్న ప్రమాదం గురించి వేదిక మీద చెప్పేటప్పుడు, అదే ప్రమాదంలో పక్క సీటులో కూర్చుని చనిపోయినవాడి భార్య ఆ సభలో చివరి వరసలో ఉండవచ్చు. ఆమె విని ఇంటికి ఏం తీసుకెళ్తుంది?

యుద్ధం ముగిశాక తీర్పులు కూడా ఈ ఊరి నేల మీదే అమలయ్యాయి. ఫిలిప్పీన్స్‌లో జపాన్ సేనాని యమషితను 1946 ఫిబ్రవరి 23న, అంటే విడుదల జరిగి సరిగ్గా ఏడాది తిరిగేసరికి, లోస్ బాన్యోస్‌లోనే ఉరితీశారు. ఏప్రిల్ 3న జనరల్ హొమ్మాను అక్కడే కాల్చి చంపారు. కొనిషిని విచారించి 1947లో ఉరితీశారు. పోయినవాళ్లు మాత్రం తిరిగి రాలేదు.

ఇక మన కంచం సంగతి. యుద్ధంలో పాడైన కళాశాల మళ్లీ లేచింది. దాని పక్కనే 1960లో ఫోర్డ్, రాక్‌ఫెల్లర్ సంస్థల సొమ్ముతో, ఫిలిప్పీన్స్ ప్రభుత్వ సహకారంతో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వెలిసింది. ఇండోనేషియాకు చెందిన పొడవాటి ‘పేటా’ రకాన్ని, తైవాన్‌కు చెందిన పొట్టి రకంతో సంకరం చేసి, 1966 నవంబరులో ‘ఐఆర్ 8’ విడుదల చేశారు. ఎరువు వేసినా పైరు పడిపోదు, పంట త్వరగా చేతికొస్తుంది. సంస్థకు వచ్చి అడిగిన ప్రతి రైతుకూ రెండు కిలోల విత్తనం ఉచితంగా ఇచ్చారు. బస్సుల్లో, సైకిళ్ల మీద, కాలినడకన వచ్చి పట్టుకెళ్లారు. ఆకలితో ఉన్నవాళ్ల చేతిలో ఎగతాళిగా వడ్లు పోసిన ఊళ్లోనే, ఇరవై రెండేళ్లు తిరక్కముందే, రైతు సంచిలో ఇలా వడ్లు పోశారు.

మరుసటి ఏడాది, 1967లో, ఆ విత్తనం పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటకు వచ్చింది. నెక్కంటి సుబ్బారావు గారనే యువరైతు దానిని పండించి, చుట్టుపక్కల రైతులకు విత్తనం అందించి ‘మిస్టర్ ఐఆర్ 8’ అని పేరు తెచ్చుకున్నారు. ఐఆర్ 8కి లోపాలు లేకపోలేదు. చల్లారితే అన్నం గట్టిపడేది, సుడిదోమకు తట్టుకునేది కాదు, ఎరువు ఖర్చు ఎక్కువ. అందుకే దాన్ని ఇతర రకాలతో కలుపుతూ వచ్చారు. ఆచంటకు దగ్గర్లోని మారుటేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన ‘స్వర్ణ’కు ఒకవైపు ‘వశిష్ట’, మరోవైపు ‘మసూరి’. ఆ వశిష్ట ఐఆర్ 8 సంతానమే.

స్వర్ణ కూడా ఒకసారి లోస్ బాన్యోస్ వెళ్లొచ్చింది. ఒడిశాలోని ఒక పాత వరి రకానికి నీటమునకను తట్టుకునే గుణం ఉంది. ఆ జన్యువును అక్కడి శాస్త్రవేత్తలు స్వర్ణలోకి చేర్చారు. స్వర్ణ సబ్ 1 పేరుతో 2009లో మన దేశంలో విడుదలైన ఆ వరి, వరదలో సుమారు రెండు వారాలు పూర్తిగా మునిగి ఉన్నా, నీళ్లు తీశాక మళ్లీ చిగురు వేస్తుంది.