ఇంటి పడవ - బరువు లెక్క



గోదావరి లంకల్లోను, కొల్లేటి పక్క పల్లపు చేలల్లోను వానకాలంలో గట్టుకూ చేనుకూ నడుమ నీరు నిలుస్తుంది. అటువంటి చోట చిన్న పడవ ఒకటి ఉంటే ఎరువు మూట, పశువుల మేత, మనిషి, అన్నీ దాటుతాయి. వడ్రంగం కాస్త తెలిసినవారు దీన్ని పెరట్లోనే కట్టుకోవచ్చును. అయితే ఇది నిలవ నీటికీ, నెమ్మదిగా పారే కాలువకూ మాత్రమే. వరద గోదావరిలోకి దింపకండి.

చేవ తీరిన టేకు మేలు, కాని ఖరీదు. నల్లమద్ది బాగానే పనికివస్తుంది. మామిడి చవకే, త్వరగా పుచ్చిపోతుంది. లోపలి అడ్డకర్రలకు తుమ్మ వాడండి.

పొడవు 12 అడుగులు, అడుగు భాగం నడుమ 3 అడుగులు, పక్కల ఎత్తు 16 అంగుళాలు చాలు. ముందుగా నడిమి చట్రం, వెనుక పలక, ముక్కు కర్ర నిలబెట్టి, ముప్పాతిక అంగుళం మందం గల పక్క చెక్కలను వాటి చుట్టూ వంచవలెను. వంగకపోతే వేడినీళ్ళు పోస్తూ మోకుతో కొద్దికొద్దిగా బిగించండి. తొందరపడితే చెక్క చీలుతుంది. తరువాత బోర్లించి, అంగుళం మందం చెక్కలను అడ్డంగా పరచి రాగి మేకులో, జింకు పూత మేకులో కొట్టాలి. మేకుకు ముందు బెజ్జం వేయడం మరవకండి.

సందుల్లో నూలు పోగులు పెట్టి, నూనెలో కాచిన గుగ్గిలం పూయాలి. మరీ బిగించి కుక్కవద్దు. ఎందుకంటే, చెక్క నీరు పీల్చి ఉబ్బుతుంది, సందు తానే మూసుకొంటుంది. ఉబ్బడానికి చోటు లేకపోతే మేకులు లేచిపోతాయి. మొదటి రోజు నీరు కారిందని బెంగపడకండి. ఒకటి రెండు రోజులు లోతు లేని నీటిలో నాననివ్వండి.

ఇక అసలు సంగతి, ఎందరు ఎక్కవచ్చు? ముక్కు సన్నబడుతుంది కనుక అడుగు వైశాల్యం సుమారు 25 చదరపు అడుగులు. పడవ ఒక అంగుళం దిగితే సుమారు 59 కిలోల నీటిని తొలగిస్తుంది. అంటే అంగుళానికి ఒక మనిషి! ఖాళీ పడవ 120 కిలోలు తూగితే 2 అంగుళాలు దిగుతుంది. 6 అంగుళాల దగ్గర పక్కన ఎర్ర గీత గీయండి. మిగిలిన 4 అంగుళాలకు నలుగురు మనుషులు, అదీ ఒట్టి చేతులతో. మూట పెడితే ఒకరు దిగాలి. గీత పైన ఉన్న 10 అంగుళాలు ఖాళీ కాదండీ, అలకూ ఒరుగుకూ కేటాయించిన చోటు. అందరూ ఒకే పక్కకు జరిగితే ఆ పదీ క్షణంలో పోతాయి.

మనుషులకంటే ముందు ఇసుక బస్తాలు ఎక్కించి, మొలలోతు నీటిలో గీత సరిచూడాలి. ఈ పరీక్ష విస్తరణ సిబ్బంది దగ్గరుండి చేయిస్తే మంచిది. తెడ్లు 7 అడుగులుండాలి. నీరు తోడే డబ్బా ఒకటి తాడుతో కట్టి లోపలే ఉంచండి. వేసవిలో పడవను నీడన, రెండు దుంగలమీద బోర్లించి పెట్టండి. ఎండకు వదిలేస్తే మూసుకున్న సందులన్నీ మళ్ళీ నోళ్ళు తెరుస్తాయి.