పేరు పెట్టలేని బాధ

కొత్తకోట ఎండల్లో సైతం నిండుచేతుల చొక్కా విప్పని యువకుణ్ణి చూచి ఇంటివారు బిడియస్తుడనుకొంటారు. ఒక్కొక్కప్పుడు అతడు దాచేది తన చేతులారా చేసుకున్న గాయం.

చనిపోవాలన్న ఉద్దేశం లేకుండానే యువతీయువకులు తమను తాము గాయపరచుకోవడం అరుదైన విషయం కాదు. వివిధ దేశాల పరిశోధనలను 2014లో ఒకచోట చేర్చి లెక్కించగా, కౌమారంలో ఉన్నవారిలో సుమారు 17 శాతం, ఆపై వయసు యువతలో సుమారు 13 శాతం మంది ఒక్కసారైనా ఇలా చేసినట్లు తేలింది.

నలుగురి దృష్టిలో పడడానికే చేస్తారన్న మాట తరచు వినవస్తుంది. ఇది చాలావరకు అన్యాయం. చూపించదలచినవాడు దాచడు గదా! కోపం, అవమానం, శూన్యత లోపల పేరుకున్నప్పుడు గాయం క్షణకాలం ఊరటనిస్తుంది. ఆ ఊరటే అలవాటును బిగిస్తుంది. పిదప సిగ్గు, అపరాధభావం వచ్చి మొదటి బాధకు తోడవుతాయి.

బాధ అందరికీ ఉన్నా అందరూ ఇలా చేయరు. తమ మనసులోని భావమేమిటో చెప్పలేనివారికి, ఉద్వేగం పొంగినప్పుడు నిలువలేనివారికి ఈ ప్రమాదం ఎక్కువ. అన్నిటికంటె గమనించదగినది, తన్ను తాను నిర్దయగా నిందించుకొనే స్వభావం. అట్టివాడు చిన్న పొరపాటుకే తనకు శిక్ష విధించుకొంటాడు.

శరీరం అల్లాహ్ అప్పగించిన అమానతు, దానికి హాని తలపెట్టరాదు. ఇందులో సందేహం లేదు. అయితే ఆ యువకునికి ఇది తెలియక కాదు. తెలుసు గనుకనే మరింత కుమిలిపోతాడు. 'నీ ఈమాన్ బలహీనం' అని తండ్రి గద్దిస్తే, అతడు తనపై మోపుకొన్న నేరాలకు మరొకటి చేరుతుంది, అంతే.

మన పూర్వులు ఇంత కరకుగా ఆలోచించలేదు. హి. 322 (క్రీ.శ. 934)లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ 'మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్'లో దేహానికొక భాగం, మనసుకొక భాగం కేటాయించాడు. కారణం తెలిసిన దుఃఖం వేరు, తెలియని దుఃఖం వేరని గుర్తించాడు. ఇంట్లో మందులు ఉంచుకొన్నట్లే, కష్టకాలానికి పనికివచ్చే ఆలోచనలను మనసు నెమ్మదిగా ఉన్నప్పుడే సమకూర్చుకోవాలన్నాడు. ఉద్వేగాన్ని గుర్తించి తట్టుకోవడం నేర్పే నేటి చికిత్స దీనికి ఎంతో దూరం కాదు. అట్టి చికిత్సను రూపొందించిన అమెరికా శాస్త్రవేత్త మార్షా లినెహాన్, యౌవనంలో తానూ ఇట్లే గాయపరచుకొన్నట్లు 2011లో వెల్లడించింది.

ఈ అలవాటు గలవారికి ముందుముందు ఆత్మహత్య ప్రమాదమూ ఎక్కువే గనుక తేలికగా తీసుకోరాదు. గాయాన్ని చూసి కేకలు వేయక, ఆ రోజు ఏం జరిగిందని అడగాలి. చెప్పేది చివరిదాకా వినాలి. చనిపోవాలనిపిస్తున్నదా అని సూటిగా అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఔనంటే ఒంటరిగా వదలక వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. 2022లో ప్రారంభమైన ప్రభుత్వ టెలిమానస్ సేవ, 14416 నంబరుపై రాత్రింబవళ్ళు ఉచితంగా, తెలుగులోనూ లభిస్తుంది. తల్లిదండ్రులు కూడా ఆ నంబరుకు ఫోను చేయవచ్చు.