బిజినెస్ జెట్‌లో పైలట్ చేతికి మిగిలిన పని

సిరస్ కంపెనీ తయారుచేసే విజన్ జెట్ ఒకే ఇంజిన్‌తో ఎగిరే చిన్న విమానం. చాలావరకు యజమానులే స్వయంగా నడుపుకుంటారు. దాని క్యాబిన్ పైకప్పుకు ఒక ఎర్ర బటన్ ఉంటుంది. నడిపే మనిషి స్పృహ తప్పితే పక్కనున్నవాళ్లు దాన్ని నొక్కితే చాలు. ఇంధనం ఎంతుంది, వాతావరణం ఎలా ఉంది, దగ్గర్లో తగినంత పొడవైన రన్‌వే ఎక్కడుంది అని కంప్యూటరే లెక్కవేసి ఒక విమానాశ్రయాన్ని ఎంచుకుంటుంది. రేడియోలో తానే కబురు చెబుతుంది. దిగి, బ్రేకులు వేసి, ఇంజిన్ ఆపేస్తుంది. గార్మిన్ సంస్థ రూపొందించిన ఈ ఆటోల్యాండ్ వ్యవస్థకు 2020లో అమెరికా విమానయాన శాఖ అనుమతి దొరికింది.

ఇలాంటి యంత్రాలంటే పైలట్లకు గిట్టదని బయటివాళ్లు అనుకుంటారు. అది నిజం కాదు. 1999 అక్టోబర్ 25న గోల్ఫ్ క్రీడాకారుడు పేన్ స్టీవర్ట్ ప్రయాణించిన లియర్‌జెట్ 35 సంగతి ఈ వృత్తిలో చాలామందికి తెలుసు. ఓర్లాండో నుంచి డాలస్‌కు బయలుదేరిన ఆ విమానంలో క్యాబిన్ గాలి ఒత్తిడి పడిపోయింది. ఆక్సిజన్ అందక ఇద్దరు పైలట్లతో సహా లోపలున్న ఆరుగురూ స్పృహ కోల్పోయారు. విమానం మాత్రం దాదాపు నాలుగు గంటలు ఎగురుతూనే పోయి, ఇంధనం అయిపోయాక దక్షిణ డకోటాలో కూలింది. ఆనాటి ఆటోపైలట్‌కు పట్టిన దారిన పోవడమే తెలుసు, లోపల మనుషులు మేల్కొని ఉన్నారో లేదో కనిపెట్టడం తెలియదు. ఇప్పటి కొత్త జెట్‌లలో ఒత్తిడి పడిపోతే విమానాన్ని తనంతట తానే తక్కువ ఎత్తుకు దించే ఏర్పాటు వచ్చింది. దీన్ని వద్దనే పైలట్ కనిపించడు.

ఒంటరిగా నడిపేవాళ్లకు యంత్రం తోడు మరింత అవసరం. 2014 డిసెంబర్ 8న మేరీలాండ్‌లోని గెయితర్స్‌బర్గ్ దగ్గర ఫీనమ్ 100 జెట్ ఒకటి రన్‌వే చేరకముందే ఇళ్ల మీద కూలింది. విమానంలో ముగ్గురు, ఒక ఇంట్లో తల్లీ ఇద్దరు పిల్లలూ చనిపోయారు. రెక్కల మీద మంచు పేరుకునే వాతావరణంలో పైలట్ మంచు కరిగించే వ్యవస్థను ఆన్ చేయలేదు. అది ఆన్‌లో లేకపోవడంతో, వేగం ప్రమాదకరంగా తగ్గిందని హెచ్చరించాల్సిన వ్యవస్థ శుభ్రమైన రెక్కల లెక్కే పట్టుకుంది. హెచ్చరిక రావాల్సిన సమయానికి రాలేదు. ఇలాంటి చోట మనిషి మరిచినదాన్ని గుర్తుచేసే యంత్రం ఉండాలని దర్యాప్తు సంస్థ సిఫార్సు చేసింది. సరైన సిఫార్సే.

పైలట్ల అసలు ఫిర్యాదు మరొకటి. యంత్రం పనిచేస్తోంది కానీ ఏం చేస్తోందో చెప్పడం లేదన్నది వాళ్ల బాధ. తెర మీద రెండు మూడు ఆకుపచ్చ అక్షరాలు మారితే ఆటోపైలట్ ఒక పద్ధతి నుంచి ఇంకో పద్ధతికి మారిందని అర్థం. పని ఒత్తిడిలో ఆ మార్పు కంటికి ఆనదు. ‘ఇప్పుడిది ఏం చేస్తోంది?’ అన్న ప్రశ్న కాక్‌పిట్‌లలో తరచూ వినబడేది ఇందుకే. 2013 జూలై 6న శాన్‌ఫ్రాన్సిస్కోలో కూలిన ఆసియానా బోయింగ్ 777 బిజినెస్ జెట్ కాదు. అయినా జెట్ పైలట్లందరూ చదివే పాఠం అది. ఇంజిన్ శక్తిని తనంతట తానే సర్దే ఆటోథ్రాటిల్ వేగాన్ని కాపాడుతుందని పైలట్లు నమ్మారు. అది కాపాడే పద్ధతిలో లేదు. ఆ సంగతి వాళ్లు గ్రహించేసరికి విమానం సముద్రపు గట్టుకు తగిలింది. ముగ్గురు మరణించారు.

అందుకే అనుభవజ్ఞులు కంటికి చెప్పే యంత్రం కన్నా చేతికి చెప్పే యంత్రాన్ని ఇష్టపడతారు. ఆటోథ్రాటిల్ శక్తిని పెంచినప్పుడు లీవర్లు కూడా కదిలితే, చూడకపోయినా అరచేతికి తెలుస్తుంది. గల్ఫ్‌స్ట్రీమ్ జీ500 జెట్‌లో పైలట్లు విమానాన్ని నడిపే సైడ్‌స్టిక్‌లను కూడా ఇదే ఆలోచనతో జతచేశారు. ఒక పైలట్ తన స్టిక్‌ను వెనక్కి లాగితే రెండో పైలట్ స్టిక్ కూడా అలాగే కదులుతుంది. 2009 జూన్ 1న 228 మందితో అట్లాంటిక్‌లో పడిపోయిన ఎయిర్ ఫ్రాన్స్ 447లో రెండు స్టిక్‌లకూ అలాంటి జత లేదు. ఒకరు ముక్కు పైకి లాగుతూనే ఉన్న సంగతి పక్కవారికి చేతి ద్వారా తెలిసే వీలు లేకపోయింది. కొత్త జెట్‌లలో వచ్చిన మెరుగుల్లో పైలట్లు మనస్ఫూర్తిగా మెచ్చుకోదగింది ఈ స్టిక్‌ల జత.

చేతి అలవాటు పోతుందన్న భయం ఇంకా పాతది. 2013 జనవరిలోనే అమెరికా విమానయాన శాఖ, వీలైనప్పుడల్లా పైలట్లచేత స్వయంగా నడిపించమని విమాన సంస్థలకు సూచించింది. మరుసటి ఏడాది నాసా పరిశోధకులు 16 మంది ఎయిర్‌లైన్ పైలట్లను సిమ్యులేటర్‌లో పరీక్షించి ఒక ఆసక్తికరమైన విషయం తేల్చారు. స్టిక్ పట్టి నడిపే నేర్పు కాస్త తుప్పుపట్టినా చాలావరకు నిలిచే ఉంది. దెబ్బతిన్నది ఆలోచన. ఇప్పుడెక్కడున్నాం, తర్వాత ఏం చేయాలి, ఏ పరికరం తప్పు చూపిస్తోంది అని మనసులో లెక్కకట్టే అలవాటు. బిజినెస్ జెట్ పైలట్లకు ఇది మరీ వర్తిస్తుంది. ఒక వారం పెద్ద విమానాశ్రయం, మరో వారం కొండల మధ్య పొట్టి రన్‌వే. ఎప్పుడు ఎక్కడికి పిలుపు వస్తుందో తెలియదు. పైగా చాలామందికి ఎయిర్‌లైన్ పైలట్లకు దొరికినన్ని ఎగిరే గంటలు దొరకవు.

ఆ లెక్కకట్టే అలవాటు ఎంత విలువైనదో 2011 మే నెలలో కౌలాలంపూర్ వైపు దిగుతున్న ఒక ఫాల్కన్ 7ఎక్స్ చూపించింది. పూర్తిగా కంప్యూటర్ల ద్వారా నియంత్రించే మొదటి బిజినెస్ జెట్ అదే. 2007లో సేవలోకి వచ్చింది. సుమారు 13 వేల అడుగుల ఎత్తులో ఉండగా దాని వెనుక తోక రెక్క తనంతట తాను తిరగడం మొదలుపెట్టి, 15 సెకన్లలో ముక్కును పైకెత్తే చివరి హద్దుకు చేరింది. స్టిక్‌ను ఎంత ముందుకు నెట్టినా ముక్కు దిగలేదు. విమానం 41 డిగ్రీల దాకా నిక్కి, 22,500 అడుగులకు ఎగబాకింది. 300 నాట్ల వేగం 125కు పడిపోయింది. అప్పుడు నడుపుతున్న పైలట్‌కు సైన్యంలో నేర్చుకున్న ఒక ఉపాయం తట్టింది. విమానాన్ని బాగా పక్కకు ఒరిగించాడు. పైకి నెడుతున్న బలం పక్కకు మళ్లి ముక్కు దిగింది. కొద్దిసేపటికి తోక రెక్క అదుపులోకి వచ్చింది, విమానం క్షేమంగా దిగింది. ఆ రెక్కను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టెలో సోల్డరింగ్ లోపమే కారణమని దర్యాప్తులో తేలింది. ఆలోగా ఆ రకం విమానాలన్నింటినీ నేలమీదే నిలిపేశారు.

ఫాల్కన్‌లను తయారుచేసే డసో సంస్థ 2021లో ప్రకటించిన 10ఎక్స్ జెట్‌లో, అదుపు తప్పిన విమానాన్ని ఒక్క బటన్‌తో సరిచేసే సౌకర్యం పెడతామంది. మంచిదే. అయితే 2011లో ఆ పైలట్ చేసింది ఏ బటన్‌కూ ముందుగా నేర్పిన పని కాదు. బటన్‌ను ఆహ్వానిస్తూనే సిమ్యులేటర్ శిక్షణ గంటలు తగ్గించవద్దని పైలట్లు కోరడం న్యాయమైన కోరిక. కోట్ల డాలర్ల విమానం కొనేవారికి ఆ శిక్షణ ఖర్చు భారం కాదు.

ఇప్పుడు పైలట్ సంఘాలను అన్నిటికన్నా కలవరపెడుతున్నది రెండో సీటు. సుదూర ప్రయాణాల్లో మధ్య దశలో ఒక్క పైలట్‌నే సీటులో ఉంచి, రెండోవారికి విశ్రాంతి ఇవ్వాలన్న ఆలోచన తయారీదారుల నుంచి వచ్చింది. అమెరికా, యూరప్ పైలట్ సంఘాలు దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తున్నాయి. యంత్రం మనిషికి తోడుగా రావాలి కానీ మనిషి స్థానంలో కాదన్నది వాటి వాదన. ఇప్పటి కాక్‌పిట్‌లతో అలా నడిపితే ఇద్దరు పైలట్లున్నప్పటితో సమానమైన భద్రత ఉంటుందని చూపలేకపోయామని యూరప్ విమాన భద్రతా సంస్థ చేయించిన అధ్యయనం 2025లో తేల్చింది. ఖండాలు దాటే పెద్ద బిజినెస్ జెట్‌లకు ఈనాటికీ ఇద్దరు పైలట్లు తప్పనిసరి.