సెకండ్ హ్యాండ్ థిన్ క్లయింట్ కొంటున్నారా? హార్డ్‌వేర్, ఫర్మ్‌వేర్ వెర్షన్ ముందే ఇలా కనిపెట్టండి

కాల్ సెంటర్లు, బ్యాంకులు, పెద్ద ఆఫీసులు పాతబడిన థిన్ క్లయింట్లను లాట్ల లెక్కన అమ్మేస్తుంటాయి. అవి రెండు మూడు చేతులు మారి ఆన్‌లైన్ లిస్టింగుల్లోకి వస్తాయి, అక్కడి నుంచి కొరియర్‌లో మా బారువ దాకా కూడా వచ్చేస్తున్నాయి. అరచేతి కంటే కాస్త పెద్ద డబ్బా, లోపల చాలావాటికి ఫ్యాన్ ఉండదు, కరెంటు చాలా తక్కువ తాగుతుంది. కొత్త మినీ పీసీ ధరతో పోలిస్తే బేరం బ్రహ్మాండంగా కనిపిస్తుంది. కానీ లిస్టింగులో రాసిన మోడల్ పేరు ఒక్కటే చూసి డబ్బు పంపేస్తే చిక్కుల్లో పడతారు. ఎందుకంటే ఒకే పేరు మీద రెండు మూడు రకాల మిషన్లు ఉంటాయి, ఒకే మిషన్‌కి నాలుగు పేర్లు కూడా ఉంటాయి.

ఈ మధ్య మా దగ్గర ఇది నిజంగానే అవసరం పడింది. పోటీ పరీక్షలకు చదువుకునే కుర్రాళ్ల కోసం ఒక రీడింగ్ రూములో ఆరు కంప్యూటర్లు పెట్టాలనుకున్నారు. బయట ఊళ్లలో ఉద్యోగాలు చేసుకుంటున్న మావాళ్లు తలా కొంత వేసుకుని పంపిన డబ్బు అది. ఒకసారి ఖర్చయిపోతే మళ్లీ అడగలేం. అందుకే కొనే ముందు ఏం చూడాలో ఒక పద్ధతి రాసుకున్నాం. ఆ పద్ధతే ఈ ఆర్టికల్.

మా వైపు థిన్ క్లయింటే ఎందుకు?

థిన్ క్లయింట్ అంటే అసలు పనంతా సర్వర్ మీద జరుగుతుంటే, స్క్రీన్, కీబోర్డు, మౌస్ మాత్రం మీ ముందు పెట్టే చిన్న కంప్యూటర్. లోపల ప్రాసెసర్, ర్యామ్, కొద్దిపాటి స్టోరేజీ ఉంటాయి కాబట్టి చాలా మోడళ్లలో లైనక్స్ వేసుకుని మామూలు కంప్యూటర్‌లా వాడుకోవచ్చు. బ్రౌజింగ్, పీడీఎఫ్‌లు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, మాక్ టెస్టులకు సరిపోతుంది.

సముద్రం పక్క ఊరికి ఇందులో ఇంకో లాభం ఉంది. ఫ్యాన్ ఉన్న సీపీయూ ఉప్పుగాలిని, తేమని లోపలికి పీల్చుకుంటూనే ఉంటుంది. ఫ్యాన్ లేని డబ్బాకి ఆ బెడద తక్కువ. పైగా కరెంటు పోతే చిన్న ఇన్వర్టర్ మీద కూడా నాలుగైదు మిషన్లు నడుస్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను చూసిన ఉద్దానం వాళ్లకి కరెంటు లేని రోజుల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

వెర్షన్ అంటే ఒకటి కాదు, మూడు

సోంపేట నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసి అడిగాడు: "అన్నా, టీ620 అంటే టీ620యే కదా, ఇంకేం చూడాలి?"

చూడాల్సినవి మూడున్నాయి.

మొదటిది హార్డ్‌వేర్: బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, స్టోరేజీ, పవర్ ఇన్‌పుట్.
రెండోది ఫర్మ్‌వేర్: బోర్డు మీద చిప్‌లో ఉండే బయోస్ లేదా యూఈఎఫ్ఐ. స్విచ్ వేయగానే ముందు లేచేది ఇదే.
మూడోది ఇమేజ్: ఆ డబ్బాతో పాటు వచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్. థిన్ఓఎస్, థిన్‌ప్రో, విండోస్ ఎంబెడెడ్ లాంటివి.

అమ్మేవాళ్లు ఈ మూడింటినీ కలిపేసి "లేటెస్ట్ వెర్షన్" అని రాసేస్తారు. ఏ వెర్షన్ అని అడిగితే చాలామంది ఆపరేటింగ్ సిస్టమ్ నంబరే చెబుతారు. ఇమేజ్‌ని మీరు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఫర్మ్‌వేర్‌ని జాగ్రత్తగా మార్చుకోవచ్చు. హార్డ్‌వేర్‌ని మాత్రం మార్చలేరు. కాబట్టి డబ్బు పెట్టే ముందు చూడాల్సిన వరుస కూడా ఇదే: ముందు హార్డ్‌వేర్, తర్వాత ఫర్మ్‌వేర్, చివర ఇమేజ్.

పేరు ఎలా మోసం చేస్తుంది?

హెచ్‌పీ టీ620: ఈ ఒక్క పేరు మీదే ఏఎండీ జీఎక్స్-217జీఏ ఉన్న డ్యూయల్ కోర్ మిషన్ ఉంది, జీఎక్స్-415జీఏ ఉన్న క్వాడ్ కోర్ మిషన్ కూడా ఉంది. బయట నుంచి రెండూ ఒకేలా ఉంటాయి. టీ620 ప్లస్ అనేది మూడోది. అది కాస్త లావుగా ఉంటుంది, లోపల పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ ఉంటుంది. ఫోటో చూసి ప్లస్‌ని గుర్తుపట్టొచ్చు కానీ రెండు కోర్లా నాలుగు కోర్లా అన్నది గుర్తుపట్టలేం. స్టోరేజీ విషయంలో ఇంకో మాట: ఇందులో ఎం.2 స్లాట్ ఉంది కదా అని ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ కొనకండి. అది ఎం.2 సాటా మాత్రమే తీసుకుంటుంది.

వైస్ 5010: ఇది దానికి రివర్స్. 2012లో డెల్ కంపెనీ వైస్‌ని కొనేసింది. ఆ కాలం నాటి ఈ డబ్బా లేబుల్ మీద డీఎక్స్0డీ అని ఉంటుంది. అదే హార్డ్‌వేర్‌లో థిన్ఓఎస్ వేస్తే డీ10డీ, లైనక్స్ వేస్తే డీ50డీ, విండోస్ ఎంబెడెడ్ 7 వేస్తే డీ90డీ7 అని పిలిచారు. అంటే డీ90 అనేది డీ10 కంటే కొత్త మోడలేమీ కాదు. లోపలున్న ఆపరేటింగ్ సిస్టమ్ వేరు, అంతే. "హయ్యర్ మోడల్" అని ఎవరైనా ఎక్కువ ధర చెబితే ర్యామ్ ఎంత, ఫ్లాష్ ఎంత అని మాత్రమే అడగండి.

డెల్ వైస్ 3040: చాలా చిన్న డబ్బా. ఇంటెల్ ఆటమ్ ఎక్స్5-జెడ్8350 ప్రాసెసర్. ర్యామ్ 2 జీబీ, బోర్డుకే అతికించి ఉంటుంది, పెంచుకోలేం. అసలు జాగ్రత్త పడాల్సింది పవర్ దగ్గర. ఈ మోడల్‌లో 5 వోల్టుల రకం ఉంది, 12 వోల్టుల రకం కూడా ఉంది. అడాప్టర్ లేకుండా డబ్బా మాత్రమే అమ్మేవాళ్లు చాలామంది. లేబుల్ చదవకుండా ఇంట్లో ఉన్న ఏదో రౌటర్ అడాప్టర్ పెట్టేశారంటే బోర్డు పోవచ్చు. వెనక లేబుల్ మీద వోల్టులు, ఆంపియర్లు చదివాకే అడాప్టర్ కొనండి.

ఎన్‌కంప్యూటింగ్ డబ్బాలు: వీటితో మన రాష్ట్రానికి పాత సంబంధం ఉంది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 5,000 ప్రభుత్వ పాఠశాలల్లో ఒక పీసీని చాలామంది విద్యార్థులు పంచుకునేలా ఈ కంపెనీ పరికరాలు పెట్టే ప్రాజెక్టు ప్రకటించారు. ఇప్పుడు ఇరవైల్లో ఉన్నవాళ్లలో కొందరైనా స్కూల్ ల్యాబులో వీటిని చూసే ఉంటారు. ఎక్స్550 రకానికి పీసీలో ఒక ప్రత్యేకమైన కార్డు ఉండాలి, ఒక్కో కార్డుకి అయిదు టెర్మినళ్లు తగిలిస్తారు. ఎల్300 రకం నెట్‌వర్క్ మీద నడుస్తుంది, కానీ దానికి ఆ కంపెనీ వీస్పేస్ సర్వర్ సాఫ్ట్‌వేర్ కావాలి. వీటిలో లైనక్స్ వేసుకుని సొంత కంప్యూటర్‌లా వాడటం కుదరదు. "థిన్ క్లయింట్, అయిదు వందలకే" అని ఎక్కడైనా కనిపిస్తే అది ఈ రకమేమో ముందు చూసుకోండి. సర్వర్ లేకపోతే అది మీకు పనికిరాదు.

దారి 1: లేబుల్

డబ్బా కిందో వెనకో లేబుల్ ఉంటుంది. కొన్ని హెచ్‌పీ మోడళ్లలో బయటికి లాగే చిన్న రేకు మీద ఉంటుంది. హెచ్‌పీ అయితే సీరియల్ నంబరుతో పాటు ప్రొడక్ట్ నంబర్ చూడండి. ఆ ప్రొడక్ట్ నంబర్‌తో కంపెనీ సపోర్ట్ సైట్‌లో వెతికితే ఆ డబ్బా ఫ్యాక్టరీ నుంచి ఏ కాన్ఫిగరేషన్‌తో వచ్చిందో తెలుస్తుంది. నంబర్ చివర హాష్ గుర్తు తర్వాత ఏసీజే అని ఉంటే అది ఇండియా మార్కెట్ కోసం వచ్చినది. ఏబీయూ అంటే బ్రిటన్, ఏబీఏ అంటే అమెరికా. డెల్ అయితే ఏడు అక్షరాల సర్వీస్ ట్యాగ్ ఉంటుంది. అది కొడితే అసలు కాన్ఫిగరేషన్, ఆ మోడల్‌కి వచ్చిన బయోస్ అప్‌డేట్లు అన్నీ ఒకే చోట కనిపిస్తాయి.

అయితే లేబుల్ చెప్పేది ఆ డబ్బా పుట్టినప్పటి సంగతి. మధ్యలో ఎవరైనా ర్యామ్ తీసేశారా, స్టోరేజీ మార్చారా అన్నది అది చెప్పదు.

దారి 2: బయోస్ స్క్రీన్

స్విచ్ వేసిన వెంటనే హెచ్‌పీలో ఎఫ్10, డెల్ వైస్‌లో ఎఫ్2 నొక్కితే సెటప్ వస్తుంది. కొన్ని పాత వైస్ మోడళ్లలో డిలీట్ కీ నొక్కాలి. సిస్టమ్ ఇన్ఫర్మేషన్ పేజీలో ప్రాసెసర్ పేరు, ర్యామ్ సైజు, బయోస్ వెర్షన్, తేదీ ఉంటాయి. హెచ్‌పీలో వెర్షన్ నంబరుకి ముందు ఒక కోడ్ ఉంటుంది: టీ620కి ఎల్40, టీ630కి ఎం40. ఆ కోడ్ బోర్డు కుటుంబం పేరు లాంటిది. దాని తర్వాత వచ్చేది అసలు వెర్షన్. ఎల్40 బోర్డుకి ఎం40 ఫైలు ఎక్కించాలని చూడకూడదు.

ఇక్కడ పాస్‌వర్డ్ అడిగితే కంగారు పడకండి. వైస్ మోడళ్లకి కంపెనీ పెట్టిన డిఫాల్ట్ పాస్‌వర్డ్ ఫైర్‌పోర్ట్. మొదటి అక్షరం పెద్దది, మిగతావి చిన్నవి. పాత ఆఫీసు వాళ్లు మార్చేసి ఉంటే మాత్రం అది పనిచేయదు. అందుకే "బయోస్ లాక్ ఉందా?" అన్నది అమ్మేవాళ్లని తప్పకుండా అడగాల్సిన ప్రశ్న.

బయోస్‌లో తేదీ ఎప్పటిదో పాతది కనిపిస్తోందా? లోపల బటన్ సెల్ అయిపోయిందన్నమాట. ఇది చిన్న ఖర్చే, కానీ పట్టించుకోకపోతే తేదీ తప్పు కాబట్టి బ్రౌజర్లో సురక్షిత సైట్లు తెరుచుకోవు. నెట్ పాడైందేమో అని మీరు రౌటర్ చుట్టూ తిరుగుతుంటారు.

దారి 3: లైవ్ యూఎస్‌బీ

డబ్బా చేతికి వచ్చాక నేను నమ్మేది దీన్నే. ఉబుంటు లాంటి లైనక్స్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి, దాని నుంచే బూట్ చేయండి. బూట్ మెనూ కోసం హెచ్‌పీలో ఎఫ్9, డెల్‌లో ఎఫ్12. లోపలున్న డేటాని ముట్టుకోకుండానే అన్నీ చూడొచ్చు. టెర్మినల్ తెరిచి ఈ కమాండ్లు చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి.

ఎల్-ఎస్-సి-పి-యు: ప్రాసెసర్ పేరు, ఎన్ని కోర్లు. టీ620 అనుమానం ఇక్కడే తీరిపోతుంది.
ఎల్-ఎస్-బి-ఎల్-కె: స్టోరేజీ. పేరు ఎంఎంసీ అని మొదలైతే అది సాధారణంగా బోర్డుకి అతికించిన ఈఎంఎంసీ, మార్చలేరు. ఎస్‌డీ అని మొదలైతే సాటా డ్రైవ్ కావచ్చు. కానీ మీరు పెట్టిన పెన్‌డ్రైవ్ కూడా ఎస్‌డీ పేరుతోనే కనిపిస్తుంది, సైజు చూసి తేడా పట్టండి.
డి-ఎం-ఐ-డి-ఇ-సి-ఒ-డి-ఇ: దీనికి ముందు సూడో పెట్టాలి. బయోస్ కంపెనీ, వెర్షన్, విడుదల తేదీ, బోర్డు పేరు, సీరియల్ నంబర్ అన్నీ ఇస్తుంది. ఈ సీరియల్, బయట లేబుల్ మీది సీరియల్ ఒకటేనా అని పోల్చండి. వేరైతే ఎవరో బోర్డు మార్చారు, లేదా కేసు మార్చారు.

విండోస్ ఉన్న డబ్బా అయితే రన్ బాక్సులో ఎంఎస్ఇన్ఫో32 అని కొడితే ఇవే వివరాలు వస్తాయి. వైస్ థిన్ఓఎస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ విండో ఉంటుంది.

ఫర్మ్‌వేర్ ఎప్పుడు మార్చాలి?

కొత్తది కనిపించిందని వెంటనే ఎక్కించేయకండి. సెక్యూరిటీ లోపం సరిచేసిన అప్‌డేట్ అయితేనో, బూట్ కావడానికో స్టోరేజీ గుర్తించడానికో అవసరమైతేనో చేయండి. ఫైలు కంపెనీ సైట్ నుంచే, మీ బోర్డు కోడ్‌కి సరిగ్గా సరిపోయేదే తీసుకోండి. పని మధ్యలో కరెంటు పోతే ఆ మిషన్ మళ్లీ లేవకపోవచ్చు. మా వైపు అయితే ఇన్వర్టర్ మీద పెట్టి చేయడమే మంచిది. ఆరు మిషన్లుంటే ముందు ఒకదానికి చేసి, ఒక వారం వాడి, తర్వాత మిగతావి.

ఇమేజ్ విషయానికొస్తే, విండోస్ ఎంబెడెడ్ స్టాండర్డ్ 7కి సాధారణ సపోర్ట్ 2020 అక్టోబరు 13తోనే అయిపోయింది. దాని మీద ఆధార్, బ్యాంకు, పరీక్ష అప్లికేషన్ వివరాలు కొట్టడం మంచిది కాదు. ఇంకో తికమక: ఈ ఇమేజ్‌లలో రైట్ ఫిల్టర్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే మీరు సేవ్ చేసింది రీస్టార్ట్ కాగానే మాయమైపోతుంది. డిస్క్ పాడైందని అనుకోవద్దు, అది అలా డిజైన్ చేసిందే. విండోస్ 11 కావాలనుకుంటే టీ620, టీ630 ప్రాసెసర్లు మైక్రోసాఫ్ట్ జాబితాలో లేవు. డెల్ వైస్ 5070లో వచ్చే సెలెరాన్ జే4105, పెంటియం సిల్వర్ జే5005 ఉన్నాయి.

డబ్బు పంపే ముందు నాలుగు ఫోటోలు

అమ్మేవాళ్లని ఇవి అడగండి: లేబుల్ క్లోజప్, బయోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ పేజీ, మూత తీసి లోపలి బోర్డు, అడాప్టర్ మీది వోల్టుల ముద్ర. లాట్‌లో కొంటుంటే ఒక్క మిషన్ ఫోటోలు చూసి ఊరుకోవద్దు, ప్రతి మిషన్‌దీ లేబుల్ అడగండి. లోపలి బోర్డు ఫోటోలో పోర్టుల దగ్గర పచ్చటి తుప్పు ఉందేమో కూడా చూడండి.

నాలుగు ఫోటోలు పంపడానికి రెండు నిమిషాలు పడుతుంది. పంపనని అంటే మీరు కూడా డబ్బు పంపకండి. వచ్చిన మిషన్లకి ఒక నోట్‌బుక్‌లో ఒక్కో పేజీ పెట్టి సీరియల్, ప్రాసెసర్, బయోస్ వెర్షన్, అడాప్టర్ వోల్టులు రాసేయండి. రేపు మీరు ఉద్యోగానికి ఊరు దాటి వెళ్లినా, ఆ గదిలో కూర్చునే తర్వాతి బ్యాచ్ కుర్రాడికి ఏ డబ్బాలో ఏముందో ఆ పుస్తకం చూస్తే తెలిసిపోతుంది.